అచ్చు అతికే వేళ్ళు

మా బండారులంకలో మగ్గం మీద పడుగు అయిపోవచ్చేసరికి, ఆ పాత పోగుల కొసలకి కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతకాలి. దాన్ని అచ్చు అతకడం అంటాం. వేళ్ళకి కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క పురి తిప్పితే అతుక్కుపోవాలి. వేల పోగులు. కళ్ళతో చేసే పని కాదది, వేలి కొసలతో చేసేది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నించీ మా మగ్గానికీ, చుట్టుపక్కల నాలుగిళ్ళ మగ్గాలకీ అచ్చు నేనే అతికాను. నాకు గర్వం ఉండేది. ఉండేదేమిటి, ఇప్పటికీ ఉంది.

రొమ్ములో గడ్డ కేన్సరని తేలాక ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత వారం వారం కాకినాడ వెళ్ళి మందు ఎక్కించుకోవాలన్నారు. వార్డులో మా వరస పడకలు చూసే నర్సు రాజోలు వైపు పిల్ల, మా అమ్మాయి వయసుంటుంది. సూది పెట్టేముందు ఎప్పుడూ అవే ప్రశ్నలు.

"పిన్నిగారూ, వాంతులవుతున్నాయాండీ? జ్వరం వచ్చిందాండీ? చేతులూ కాళ్ళూ తిమ్మిర్లెక్కుతున్నాయాండీ?"

నాలుగోసారి నుంచే నా వేలి కొసలు మొద్దుబారడం మొదలైంది. "లేదమ్మా" అన్నాను. ఐదోసారీ అంతే, ఆరోసారీ అంతే.

ఎందుకంటే, పక్క పడకకి ముమ్మిడివరం నుంచి ఒకావిడ వచ్చేది. రక్తం తగ్గిందని ఆవిడకి రెండు వారాలు మందు ఆపారు. మూడో వారం ఆ పడక మీద ఇంకెవరో ఉన్నారు. ఆవిడేమైందో నేనెవర్నీ అడగలేదు. మందు ఆపితే పోతామని మాత్రం నా బుర్రలో నాటుకుపోయింది. తిమ్మిర్ల సంగతి మా ఆయనతో చెబితే, "వేళ్ళదేముందే, ప్రాణముంటే చాలు. నోరు మూసుకుని ఎక్కించుకో" అన్నాడు. ఆయన కళ్ళల్లో భయం చూసి నేనూ సరేననుకున్నాను.

ఏడోసారి మందు అయ్యాక, బట్టలు మార్చుకునే తెర వెనక జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోయాను. చూస్తే వేళ్ళ మధ్యే ఉంది, పట్టుకున్నట్టే తెలీదు. చాలాసేపు తంటాలు పడ్డాను. ఆ పిల్ల తెర పక్కకి జరిపి లోపలికొచ్చింది. ఒక్కో హుక్కూ పెట్టి, పైట సర్దింది. తర్వాత కట్లు కట్టే గాజుగుడ్డలోంచి రెండు దారాలు లాగి నా చేతిలో పెట్టింది.

"అచ్చులు అతుకుతానని చెప్పేరు కదండీ. ఇవి అతికి చూపించండి."

దారం జారిపోయింది. మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ జారింది.

"ఎన్నాళ్ళ నుంచండీ ఇలాగ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "నిన్నెవరడిగేరే? మందు ఆపించి నన్ను చంపేస్తావా?" అని వార్డంతా వినబడేలా అరిచాను. ఇంకా అనకూడనివి చాలా అన్నాను, రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ పిల్ల నిలబడి అంతా విని, "ఆయ్, తిట్టండి, పర్లేదు. డాక్టరుగారికి మాత్రం చెప్పాలండీ" అని వెళ్ళిపోయింది.

డాక్టరుగారు మందు ఆపలేదు, తగ్గించారు. వేళ్ళు మళ్ళీ బాగుపడొచ్చు, పడకపోవచ్చు అన్నారు. మిగిలిన వారాలన్నీ నేను ఆ పిల్లతో మాట్లాడలేదు. మొహం గోడవైపు తిప్పుకుని పడుకునేదాన్ని. ఆ పిల్ల మాత్రం తన పని మానలేదు. నరం దొరక్కపోతే నా చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని వెచ్చబడేదాకా కూచునేది. నాకు వాంతి వస్తే పళ్ళెం తనే పట్టుకునేది. వెళ్ళేముందు రెండు దారాలిచ్చి "చూడండి పిన్నిగారూ" అనేది. అతక్కపోతే "ఈవేళ రాలేదండీ" అనేది. తప్పకుండా వస్తుందని ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు.

మందు అయిపోయింది. ఏడాది పైగా మా మగ్గానికి వేరేవాళ్ళొచ్చి అచ్చు అతికారు. నేను గుమ్మంలో కూచుని ఏదో ఒక వంక పెట్టేదాన్ని. వాళ్ళు వెళ్ళాక కింద పడ్డ పోగులు ఏరుకుని అతుకుతూ కూచునేదాన్ని. ముందు బొటనవేలు దారికొచ్చింది, చాన్నాళ్ళకి చూపుడువేలు. ఒక మధ్యాహ్నం మా పడుగులో సగం నేనే అతికాను. మా ఆయన పోగులు లాగి చూసి, మగ్గం గుంటలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ నెలలోనే నాకు నడుంనొప్పి పట్టుకుంది. స్కానింగు తీస్తే జబ్బు వెన్నులోకి పాకిందన్నారు.

"ఆరోజు మందు తగ్గించబట్టే ఇదంతా" అన్నాడు మా ఆయన. నేనూ అలాగే అనుకున్నాను. ఆ పిల్లని కడిగెయ్యాలనే బస్సెక్కాను. యానాం దాటేదాకా ఏమనాలో మనసులో కూర్చుకున్నాను. ఆ పిల్ల నా ఫైలు ముందే చూసినట్టుంది. నేను నోరు తెరిచేలోపే, "నావల్లేనేమోనని నేనూ అనుకున్నానండీ. డాక్టరుగారిని అడిగేను. కాదన్నారు. అయినా నాకు అన్నం దిగలేదండీ" అంది.

కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో. ట్రేలో ఉన్న గాజుగుడ్డలోంచి రెండు దారాలు నేనే లాగి, అతికి, ఆ పిల్ల చేతికిచ్చాను. రెండు కొసలూ పట్టుకుని లాగి చూసింది. ఊడలేదు. అప్పుడు ఏడిచింది. ఈ వేళ్ళు నాకు మళ్ళీ దక్కడం ఆ పిల్ల చలవే. ఆ మాట ఆరోజు చెప్పడం నాకు చేతకాలేదు.

ఇప్పుడు వేరే మందు ఎక్కిస్తున్నారు. దీంతో జబ్బు పోదని, కొన్నాళ్ళు ఆగుతుందంతేనని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. ఇదీ వేళ్ళమీదికి రావచ్చన్నారు.

మొన్న మూడోసారికి వెళ్ళాం. ఆ పిల్ల సూది పట్టుకుని మామూలుగా అడగడం మొదలెట్టింది.

"వాంతులాండీ?"

"లేవమ్మా."

"జ్వరం?"

"లేదు."

"తిమ్మిర్లు?"

మా ఆయన నా వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఉన్నాయమ్మా" అన్నాను. "కుడిచేతి చూపుడువేలు. నిన్న పొద్దుట్నించీ."

ఆ పిల్ల సూది ట్రేలో పెట్టేసి, నా వేలిని గుప్పిట్లో పట్టుకుంది.