కజిన్ అంటే బావ

నేను రిటైరైన రెండో ఏడు గుడివాడలో మా ఇంటికి ఇంటర్నెట్ టీవీ వచ్చింది. అంతకు నెల ముందే మా అక్క వచ్చింది. మా ఆయన పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. పెడనలో అక్కకి మోకాళ్ళు పట్టేశాయి. అద్దకం బల్ల దగ్గర నిలబడలేకపోతోందనీ, చెక్క అచ్చు ఎత్తితే చెయ్యి వణుకుతోందనీ తెలిసి తీసుకొచ్చేశాను. నలభై ఏళ్ళకు పైగా కలంకారీ బట్ట మీద అచ్చులు వేసిన చెయ్యి అది. అక్క పెళ్ళయిన రెండేళ్ళకే మా బావ పని కోసం సూరత్ వెళ్ళి మళ్ళీ రాలేదు. అక్క పుట్టింట్లోనే ఉండిపోయింది, ఆ తర్వాత ఇంకో పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు.

అక్కకి అక్షరం ముక్క రాదు. బస్సు బోర్డు దగ్గర్నుంచి మందు సీసా దాకా ఆవిడకి చదివిపెట్టింది నేనే. బందరు చుట్టుపక్కల బళ్ళలో ముప్ఫై మూడేళ్ళు ఇంగ్లీషు చెప్పినదాన్ని. చదివిపెట్టడంలో నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఇప్పుడు దాచి ఏం లాభం.

ఆ టీవీలో తెలుగు సీరియళ్ళు రెండు వారాల్లో అక్కకి మొహం మొత్తాయి. "అత్తాకోడళ్ళ ఏడుపులే కదే, మన వీధిలో చూడనివా?" అంది. ఏదో ఒకటి నొక్కుతూ పోతుంటే టర్కీవాళ్ళ సీరియల్ ఒకటి తగిలింది. సముద్రం ఒడ్డున ఇల్లు, పచ్చకళ్ళ పిల్ల, ఆ పిల్ల ఒంటిమీద పువ్వుల గౌను. "ఆగాగు, ఆ అంచు చూడవే, మన మామిడిపిందె అచ్చే" అని అక్క అక్కడే కూలబడింది. మాటలు వాళ్ళ భాషలో, కింద ఇంగ్లీషు అక్షరాలు. నేను చదివి తెలుగులో చెప్పాలి. రోజూ భోజనాలయ్యాక సాయంత్రం టీ దాకా అదే పని. ఒక్క విద్యార్థి అంత శ్రద్ధగా నా పాఠం వినడం నా సర్వీసు మొత్తంలో జరగలేదు. రిటైరయ్యాక నా అవసరం ఎవరికీ లేదని కుళ్ళుతున్నదాన్ని కదా, నాకు ప్రాణం లేచొచ్చింది.

మూడో భాగంలో ఆ పిల్ల ఒక కుర్రాణ్ణి స్నేహితురాలికి చూపించింది. కింద 'కజిన్' అని పడింది. "ఎవరంటే?" అంది అక్క. ఇంగ్లీషువాడికి మేనత్త కొడుకైనా, పెదనాన్న కొడుకైనా కజినే. మనకి ఒకడు మొగుడు కాగలవాడు, ఇంకొకడు రాఖీ కట్టించుకునేవాడు. అక్షరాలేమో చిటికెలో మాయమయ్యాయి. కుర్రాడు బాగున్నాడు, పిల్ల సిగ్గుపడుతున్నట్టే ఉంది. "బావట" అన్నాను.

ఇక ఆ రోజునుంచి వాళ్ళ పెళ్ళి అక్క నెత్తిన పడింది. ఆ బావ తెరమీదికి వస్తే చాలు, కొంగు సర్దుకుని కూర్చునేది. తీరా తొమ్మిదో భాగంలో తేలిందేమిటంటే, వాడు ఆ పిల్ల పెదనాన్న కొడుకు. సాక్షాత్తూ అన్నయ్య. "పొరపాటు పడ్డానక్కా" అంటే అక్కడితో పోయేది. ఊళ్ళో పిల్లలందరి తప్పులూ ఎర్ర ఇంకుతో దిద్దిన నాకు, నా తప్పు ఒప్పుకోడానికి మాత్రం నోరు రాలేదు.

ఒక అబద్ధం ఆడితే దాన్ని నిలబెట్టడానికి వంద ఆడాలంటారు. వంద దాటి ఉంటాయి. వాడు అన్నయ్యగా ఆ పిల్లని మందలిస్తే, బావ అలిగాడన్నాను. వాడు పని వెతుక్కుంటూ వేరే దేశానికి ఓడ ఎక్కాడు. రేవులో ఆ పిల్లతో వాడన్నది అమ్మ సంగతులు ఉత్తరం రాస్తూండమని. నేను, "నీకోసం తిరిగొస్తా, ఎదురుచూడు అంటున్నాడు" అని చెప్పాను.

"వస్తాడంటావా?" అక్క కళ్ళు తుడుచుకుంది.

"వస్తాడక్కా. మాటిచ్చాడుగా."

ఆ మధ్య నాతోపాటు పనిచేసినావిడ కూతురి పెళ్ళికని అవనిగడ్డ వెళ్ళి రెండు రోజులు ఉండిపోయాను. మూడో రోజు ఇంటి మెట్లెక్కుతుంటే లోపలి నుంచి తెలుగు మాటలు వినపడ్డాయి. హాల్లో పచ్చకళ్ళ పిల్ల గుక్కతిప్పుకోకుండా తెలుగు మాట్లాడుతోంది. నేను లేనప్పుడు అక్క రిమోట్‌తో కుస్తీ పట్టి ఏదో నొక్కితే తెలుగు వచ్చేసిందట. అది మొదటి రోజు నుంచీ అందులోనే ఉంది. చదువుకున్నదాన్ని కదా, నేను అక్షరాలే చూశాను, మీటలు వెతకలేదు.

అక్క తల తిప్పలేదు. "వాడు దాన్ని చెల్లెమ్మా అంటున్నాడే" అంది.

"డబ్బింగువాళ్ళకి ఏం తెలుసక్కా, నోటికొచ్చినట్టు చెప్తారు." ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి.

"మొదట్నుంచీ మళ్ళీ చూశాను. రెండు రోజులూ అదే పని. వాడికి అక్కడ పెళ్ళాం ఉంది. వస్తానని వాడు ఒక్కసారి కూడా అనలేదు."

"సీరియలే కదక్కా" అని నవ్వబోయాను.

అక్క మీట నొక్కి బొమ్మ ఆపింది. అది కూడా నేర్చేసుకుంది. "సూరత్ నుంచి ఆయన రాసిన ఉత్తరం చదివింది కూడా నువ్వే" అంది.

ఆ ఉత్తరం వచ్చేనాటికి మా ఇంట్లో చదువొచ్చింది నాకొక్కదానికే. నాకు పదిహేనేళ్ళు, అక్కకి ఇరవై రెండు. అద్దకం బల్ల పక్కన నిలబడి గట్టిగా చదివాను. పనులు తెమలలేదు, వచ్చే ఏడు వస్తాను, ఆరోగ్యం జాగ్రత్త అని.

"అందులో ఏముందో ఉన్నదున్నట్టు చెప్పు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. చెప్పాను. ఇక్కడ ఇంకొకావిడతో ఉంటున్నాను, ఇక రాను, నువ్వు మారుమనువు చేసుకో, నేనేమీ అడ్డు చెప్పను. నాలుగే లైన్లు. ఇన్నేళ్ళయినా ఒక్క మాట మర్చిపోలేదు. ఆ కాగితం పొయ్యిలో పెట్టింది కూడా నేనే.

అక్క మోకాలు రుద్దుకుంది. "ఆ ఏడే పక్క బల్ల మీద అద్దే ఆయన నన్ను పెళ్ళికి అడిగించాడు. రెండుసార్లు. మా ఆయన వస్తానన్నాడని చెప్పి పంపేశాను" అంది. "ఎందుకు చెప్పలేదే?" అని అడిగింది.

"నువ్వు తట్టుకోలేవని."

ఆవిడ తలూపి మళ్ళీ మీట నొక్కింది. నన్ను కూర్చోమనలేదు. ఇప్పుడు మధ్యాహ్నాలు ఆవిడ ఒక్కతే చూసుకుంటుంది. నాకు వంటింట్లోకి వినపడుతూ ఉంటుంది.

తట్టుకోలేవని అన్నానే, అది కూడా నా తర్జుమాయే. ఆ రోజుల్లో అక్క అద్దకం కూలి మీదే నా చదువు నడిచేది. ఆవిడ మారుమనువు చేసుకుని వెళ్ళిపోతే, నేను బడి మానేసి ఆవిడ చోట ఆ బల్ల దగ్గర నిలబడాలి. ఉత్తరం విప్పి చూడగానే నాకు గుండె జారింది అందుకు, అక్క కోసం కాదు. ఈ మాట ఆవిడతో అనలేదు, అనలేను. ఇక్కడ రాస్తున్నాను. అక్కకి చదవడం రాదు.