ధర్మనిధి మీద పడిన పార కర్ర

నాకు కోపం ఇప్పటికీ ముక్కు మీదే ఉంటుంది. ఒమాన్‌లోని సహం ఊళ్లో పనిచేసిన రోజుల్లో అది చేతుల్లో ఉండేది.

మా కంపెనీ ఏటా లాభంలో కొంత మస్కట్‌లోని ఒక ధర్మనిధిలో వేసేది. వేశాక అది కంపెనీ సొత్తు కాదు. ఫలానా బడికివ్వండి, ఫలానా ఆసుపత్రికివ్వండి అని ఉత్తరం రాసి సలహా చెప్పగలదు, అంతే. మేమూ నెలకొక రోజు కూలి అందులో కలిపేవాళ్లం. కరీంనగర్ వైపు వాళ్లం, చిట్టీలు తప్ప మరొకటి ఎరగం. అవసరమొచ్చినవాడు ఎత్తుకోవచ్చనుకున్నాం.

ఒక బుధవారం పొద్దున్నే కాంక్రీటు దిమ్మె జారి మా రూమ్‌లో ఉండే మేస్త్రీ కాలు నుజ్జయింది. ఎముకలో వేసే రాడ్డు బయట కొనాలని, రెండు రోజుల్లో వేయకపోతే కాలు తీసేయాలని డాక్టరు చెప్పాడు. చందాలేసుకుంటే సగం కూడా కాలేదు. ఆ మధ్యాహ్నమే పదిమందిమి సైట్ ఆఫీసు మీద పడ్డాం. అక్కడ కడప గుమస్తా ఒక్కడే ఏదో రాసుకుంటున్నాడు.

"మా చిట్టీ మాకియ్యి," అన్నాను.

"అది చిట్టీ కాదప్పా. ఏసినాక ఎవురూ ఎనక్కి తీసుకునేకి కాదు. మన మనిషి పేరు రాసినా ఒప్పుకోరు. రోంత నా మాట ఇను..."

వినలేదు. "మా పైసలు మాకిస్తే నీదేం పోతదిరా?" అంటూ పార కర్రతో మూతి మీద కొట్టాను. పళ్లు రాలాయి. అడ్డం పెట్టిన కుడిచేతి మీద మళ్లీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు హాయిగా ఉంది.

అతను రక్తం ఉమ్మి, బల్ల మీది కాగితం చూపించాడు. "ఆసుపత్రిలో బీదోళ్ల ఖాతా ఉండాది. దానికియ్యమని కంపెనీ చెప్పొచ్చు. డాక్టరు ఆ ఖాతాలోంచే రాడ్డు కొంటాడు. మేనేజరు ఫోన్లో సరేనన్నాడు. మస్కట్‌కు ఫ్యాక్సు చేసేకి అదే రాస్తాంటి."

ఉత్తరం సగంలో ఆగింది. మాలో అరబ్బీ రాయడం వచ్చింది అతనికొక్కడికే. ఎడమచేతికి కలమిస్తే గీతలు తప్ప అక్షరాలు రాలేదు. బజారంతా తిరిగి రాసేవాణ్ణి పట్టుకొచ్చేసరికి మస్కట్‌లో ఆఫీసు మూసేశారు. అప్పట్లో అక్కడ గురు, శుక్రవారాలు సెలవు. శనివారం పొద్దున డబ్బు మంజూరైంది. శుక్రవారమే కాలు తీసేశారు.

మేస్త్రీ కళ్లు తెరిచి, "పైసలు రాలేదారా?" అని అడిగాడు.

"వచ్చేటియే. నేనే ఆపిన," అని జరిగిందంతా చెప్పాను.

పక్కనున్న స్టీలు గ్లాసు తీసి నా మొహాన విసిరికొట్టాడు. వస్తున్నది కనబడుతూనే ఉంది. నేను తప్పుకోలేదు.