వేంసూరులో కురవని మంచు

స్వీడన్‌లో ఒక హంతకుణ్ణి నేను చేజేతులా తప్పించాను. ఏ పాపమూ ఎరగని ఒక డాక్టరు మీద నేరం మోపాను. అంతటితో ఊరుకున్నానా అంటే, డెబ్బై నిండిన ఒక పెద్దమనిషికి మతిమరుపు అంటగట్టి, ఆయన స్కూటర్ తాళం లాగించాను. ఇన్ని ఘోరాలు చేయడానికి నేను స్వీడన్ ఏమీ వెళ్లలేదు. వేంసూరు దగ్గర మా అత్తగారింటి వరండాలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మామిడిపండు ముక్కలు తింటూ చేశాను.

ఆ పెద్దమనిషి మా మామగారు శేషగిరిరావు గారు. ఆయనకు మతిమరుపు అన్న మాట సత్తుపల్లి వైపు ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తోంది. ఆ మాట పుట్టించింది నేనే కాబట్టి, దాన్ని పూడ్చిపెట్టే పని కూడా నాదే.

మామయ్యది పామాయిల్ తోట. బీఏ చదివి వ్యవసాయంలోకి వచ్చిన మనిషి. యూరప్ వాళ్లు రాసే హత్యల నవలలంటే ప్రాణం. తోటకు నీళ్లు, తనకు హత్యలు వేళకు అందితే చాలంటారు. ఇంగ్లీషులోకి వచ్చిన ప్రతి స్వీడన్ శవం, ప్రతి నార్వే శవం హైదరాబాద్ పాత పుస్తకాల షాపు నుంచి పార్శిల్‌లో వేంసూరు చేరాల్సిందే. చలిదేశాల్లో ఇన్ని హత్యలు ఎందుకు జరుగుతాయన్న దానికి ఆయన దగ్గర ఒక సిద్ధాంతం కూడా ఉంది. మన దగ్గర కోపం చెమటతో పాటు పోతుంది, వాళ్లకు చెమట పట్టదు కాబట్టి లోపలే ఉండిపోతుంది.

ఈ పిచ్చిలో ఆయనకు ఒక జోడీ ఉన్నాడు. ఏన్కూరులో ఉండే నర్సయ్య గారు, రిటైరైన పోస్టుమాస్టరు. ఇద్దరికీ కలిపి పుస్తకం ఒకటే. పార్శిల్ ముందు నర్సయ్య గారింటికి వెళుతుంది. ఆయన పుస్తకాన్ని వెనక నుంచి తెరిచి, ఆఖరి అధ్యాయం అంచులన్నీ దారంతో కుట్టి, ముడి మీద లక్క కరిగించి సీలు వేస్తాడు. అక్కడి అక్షరాల మీద కన్ను పడదా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. నలభై ఏళ్లు ఊరందరి పోస్టుకార్డులు చేతిలో పట్టుకుని ఒక్కటీ చదవని మనిషినని ఆయన చెప్పిన తీరుకు మళ్లీ అడగలేదు. సీలు దాకా ఇద్దరూ చదవాలి. హంతకుడి పేరు చీటీ మీద రాయాలి. ఒక ఆదివారం మామయ్య వరండాలో అందరి ముందు చీటీలు విప్పి, ఆ తర్వాత సీలు పగలగొట్టాలి. ఈ ఆటలో మామయ్య అప్పటిదాకా ఓడింది లేదు. నర్సయ్య గారు ప్రతిసారీ రెండు బస్సులు మారి వచ్చి, ఓడిపోయి, పులిహోర తిని వెళ్లేవాడు.

ఆరేళ్ల కిందట, మే నెలలో మామయ్య కంటికి ఆపరేషన్ అయింది. రెండో కన్ను అప్పటికే మసక. మూడు వారాలు పుస్తకం పట్టొద్దన్నాడు ఖమ్మం డాక్టరు. సరిగ్గా అదే వారం స్వీడన్ రచయిత్రి ఒకావిడ రాసిన ఐదువందల పేజీల నవల, నడుముకు లక్క సీలుతో, ఏన్కూరు నుంచి వచ్చి కూర్చుంది. దీనికి తోడు మా బావమరిది రవి ఒక మెలిక పెట్టాడు. నాన్నకు వయసైంది, ఆపరేషన్ కూడా అయింది, ఇక స్కూటర్ వద్దన్నాడు. స్కూటర్ లేకపోతే మామయ్యకు తోట లేదు, సత్తుపల్లి లేదు, సాయంత్రం లేదు.

"కన్ను బాగవుతుందని డాక్టరే చెప్పాడు కదరా. నీ అనుమానం నా బుర్ర మీదేగా," అన్నారు మామయ్య. "ఆదివారం హంతకుడి పేరు తప్పు చెప్తే తాళం నేనే నీ చేతిలో పెడతా. సరిగ్గా చెప్తే ఇంకోసారి ఈ మాట ఎత్తకూడదు."

"సరే నాన్నా. మరి చదివేదెవరు?"

అందరూ నా వైపు చూశారు. నేను జూలూరుపాడులో ఇంగ్లీషు టీచర్ని. వేసవి సెలవుల్లో అత్తగారింట్లో ఉన్నాను. అల్లుడు అడిగితే కొండ మీది కోతినైనా తెచ్చే మామగారు మొదటిసారి నోరు తెరిచి నన్నొకటి అడిగారు. ఒప్పుకున్నాను. ఒప్పుకుంటూ, నా ఉచ్చారణ విని అత్తయ్య కూడా వచ్చి కూర్చుంటుందేమోనని ఊహించుకున్నాను. ఆవిడ రాలేదు. ఆవకాయ పెట్టుకుంటోంది.

కథలో ఒక ముసలి కలప వ్యాపారి తన ఇంట్లో హత్యకు గురవుతాడు. తమ్ముడు, వంటామె, డాక్టరు అనుమానితులు. విచారణకు వచ్చే ఇన్‌స్పెక్టర్‌కు భార్య లేదు, నిద్ర లేదు, వేడి అన్నం దొరికిన రోజు లేదు. ఇదంతా బాగానే ఉంది. కానీ మంచు. హత్యకు ముందు మంచు, హత్య తర్వాత మంచు. కప్పు మీద మంచు, కంచె మీద మంచు, ఇన్‌స్పెక్టర్ మనసులో మంచు. ఒకచోట రెండు పేజీల పాటు మంచు తెలుపు ఎన్ని రకాలో వర్ణించింది ఆవిడ. బయట రోహిణి ఎండకు తారు కరుగుతోంది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. నా ఒంట్లో నీళ్లన్నీ బనీను పీల్చేసింది.

ఇక్కడ నా వృత్తి దోషం ఒకటి చెప్పాలి. పదో తరగతి పిల్లలకు ఏటా పుస్తకంలో ఇంపార్టెంట్ అని టిక్కు పెట్టించి, మిగతాది "ఇది పరీక్షకు రాదు, వదిలెయ్" అని పేజీ తిప్పించడం పదిహేనేళ్లుగా నా చేతికి అలవాటు. నిజం చెబుతున్నాను, అందులో నా ప్రమేయం లేదు. చెయ్యి దానంతటదే జేబులోంచి పెన్సిల్ తీసింది. హత్య, ఇంపార్టెంట్. సాక్ష్యం, ఇంపార్టెంట్. మంచు, పరీక్షకు రాదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. నేను స్వీడన్ ఆవిడ మంచును నా సొంత సొత్తులా గాలికి వదిలేశాను. మూడు గంటల పఠనం గంటన్నరకు దిగింది. మామయ్య సంతోషించారు. ఈవిడ బిగువుగా రాస్తుంది, వర్ణనల జోలికే పోదు అని మెచ్చుకున్నారు.

నాలుగో రోజు మొదటి దెబ్బ తగిలింది. హత్య జరిగిన సాయంత్రం రోడ్డు మూసుకుపోయింది, అందుకే రాలేకపోయానని డాక్టరు ఇన్‌స్పెక్టర్‌తో చెప్పే చోటు చదివాను.

"ఆగండి అల్లుడుగారూ. రోడ్డు ఎందుకు మూసుకుపోయిందండీ?"

రోడ్డును మూసిన మంచు అంతా నా బొటనవేలి కింద, దాటేసిన పేజీల్లో ఉంది. అప్పుడైనా వెనక్కి వెళితే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"రిపేరు మామయ్యా," అన్నాను.

"స్వీడన్‌లో కూడానా?"

"అక్కడ ఇంకా ఎక్కువ."

అబద్ధం చెబితే అతికినట్టుండాలంటారు. నాది అతకడమే కాదు, పైన రోలరు కూడా నడిచింది. మామయ్య ఆ రోడ్డు పట్టుకున్నారు. రిపేరు జరిగే రోడ్డు మీద మనిషి నడవలేడా? మన దగ్గర రిపేరు లేని రోడ్డు ఎక్కడుంది, జనం తిరగడం మానేశారా? అంటే డాక్టరు అబద్ధం చెబుతున్నాడు. మరి అడుగుజాడలేమైనా దొరికాయా అని అడిగారు. దొరికాయి, కానీ మంచులో. కాబట్టి దొరకలేదన్నాను. చూశారా, కాళ్లకు తారు అంటుకుంటుందని డాక్టరు గట్టు మీదుగా వచ్చుంటాడు అన్నారు. ఆ తర్కం ఎంత నిక్కచ్చిగా ఉందంటే, పుస్తకం చేతిలో ఉన్న నాకే డాక్టరు మీద అనుమానం బలపడింది.

ఆదివారం వచ్చింది. నర్సయ్య గారు గొడుగుతో దిగాడు. రవి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అత్తయ్య, మా ఆవిడ సుజాత గడపలో కూర్చున్నారు. ముందు నర్సయ్య గారి చీటీ విప్పారు. రవి చదివాడు. "మంచు తోసే ట్రాక్టరు డ్రైవరు."

మామయ్య నవ్వారు. మనసారా, గెలిచే మనిషి నవ్వు.

"ఎండదెబ్బ తగిలిందా నర్సయ్యా? ఈ కథలో మంచెక్కడిది?"

ఎవరూ నవ్వలేదు.

"పుస్తకం నిండ మంచే కదనే శేషగిరీ," అన్నాడు నర్సయ్య గారు మెల్లగా. "దులిపితే ఒళ్లంత తడిసేటట్టుంది. నువ్వేంది గిట్లంటున్నవ్?"

"నేను పూర్తిగా విన్నాను. అల్లుడుగారిని అడుగు."

మళ్లీ అందరూ నా వైపు చూశారు. సుజాత చూపు మాత్రం నా మీద కాదు, నా జేబులో పెన్సిల్ మీద ఉంది.

"ఉంది మామయ్యా, కొంచెం," అన్నాను. అక్కడ ఆగొచ్చు కదా. ఆగలేదు. "మీరు మరిచిపోయుంటారు."

సీలు పగిలింది. వ్యాపారిని చంపింది డ్రైవరే. రోడ్డు మీద మంచు తోసే ట్రాక్టరు తన చేతిలో ఉంది కాబట్టి ఆ సాయంత్రం ఆ ఇంటికి వెళ్లగలిగినవాడు అతనొక్కడే. నా కథలో మంచూ లేదు, తోసే ట్రాక్టరూ లేదు, నడిపే మనిషీ పుట్టలేదు. మామయ్య లోపలికి వెళ్లి తాళం తెచ్చి రవి చేతిలో పెట్టారు. మొదటిసారి గెలిచిన నర్సయ్య గారు పులిహోర కూడా సరిగా తినలేదు.

"గట్లెట్ల మరుస్తడు," అని తనలో తాను అనుకుంటూ బస్సెక్కాడు. ఆ మాట ఆయనతో పాటు రెండు బస్సుల్లోనూ ప్రయాణం చేసింది.

మర్నాటి నుంచి మామయ్య తనను తాను పరీక్షించుకోవడం మొదలుపెట్టారు. పదహారో ఎక్కం చెప్పుకునేవారు. పొద్దున తను ఏం టిఫిన్ తిన్నారో సుజాతను అడిగి, ముందే చీటీ మీద రాసుకున్న జవాబుతో సరిపోల్చుకునేవారు. అన్నీ సరిపోయేవి. అయినా స్కూటర్ మీద గుడ్డ తీయలేదు. పక్కింటి రైతు పలకరిస్తే, పేరు తప్పు చెప్తానేమోనని తల మాత్రం ఊపేవారు. అది చూస్తే నాకు మామిడిపండు దిగలేదు. నాలుగు రోజులు దిగలేదు. ఐదో రోజు దిగింది, అబద్ధం ఎందుకు.

ఆరో రోజు పిలిచారు. "అల్లుడుగారూ, మీకు శ్రమ కాకపోతే ఆ మంచు భాగాలు ఒకసారి చదవండి. ఎంత మరిచానో నాకు తెలియాలి."

చదివాను. పదమూడు పేజీలు ఒక చోట, ఏడు ఒక చోట. ప్రతి పేజీ పక్కన వదిలెయ్ అన్న నా పెన్సిల్ గుర్తు. ట్రాక్టరు వచ్చింది, డ్రైవరు వచ్చాడు, ఇన్‌స్పెక్టర్‌కు దారి అడిగితే చెప్పాడు, టీ ఫ్లాస్కు ఇచ్చాడు. మామయ్య కళ్లు మూసుకుని విన్నారు. మొహంలో మొదట ఆశ్చర్యం, తర్వాత మెల్లగా ఒక వెలుగు. మిగతా కథంతా గుర్తుండి మంచు ఒక్కటే మరిచిపోవడం ఏ మతిమరుపుకూ చేతకాదని, తనకు మతి పోలేదని తెలిసిన మనిషి వెలుగు అది. పెద్దగొంతుతో తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. కానీ ఆ ఇళ్లలో అల్లుణ్ణి తిట్టే ఆచారం లేదు.

"అమ్మాయీ," అన్నారు లోపలికి. "అల్లుడుగారు పాపం ఇవాళ మొదటిసారి పూర్తిగా చదివారు. మజ్జిగ ఇవ్వమ్మా."

మజ్జిగ గ్లాసు చేతిలో పెడుతూ సుజాత అంది. "పిల్లలు ఒక్క ప్రశ్న వదిలేస్తే మార్కులు కోస్తారుగా మీరు. ఇప్పుడు మీకెన్ని కోయమంటారు?"

ఆ సాయంత్రమే రవి ముందు నిలబడి, రోడ్డు రిపేరుతో సహా అంతా చెప్పాను. రవి నవ్వాడు, తర్వాత నవ్వాపుకుని, తాళం తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టి, ఇంకెప్పుడూ అడగనన్నాడు. నర్సయ్య గారికి ఫోన్ చేశాను.

"సగం ఉత్తరం చింపి డెలివరీ చేసినవా బిడ్డా," అన్నాడు. "నా సర్వీసుల గిట్లాంటోన్ని చూడలే. ఆ గెలుపు నాకొద్దు. ఇంకో పుస్తకం తెప్పియ్, మళ్ల ఆడుదం."

ఇంకో పుస్తకం నేనే తెప్పిస్తానన్నాను. ప్రాయశ్చిత్తం కదా, చిన్నది తెప్పిస్తే ఏం బాగుంటుంది. అట్ట మీద పొగమంచు, అందులో ఒక పాత ఇల్లు, దాని వైపు నడుస్తున్న ఒంటరి మనిషి. వెనక రచయిత ఫొటో, ఆయనే ఎవరినో చంపి వచ్చినట్టున్నాడు. యూరప్‌లో గొప్ప బహుమతి వచ్చిందని కూడా రాసుంది. ఇంతకన్నా మంచి హత్య దొరకదనుకున్నాను.

నర్సయ్య గారు చదివి, సీలు వేసి, ఏమీ అనకుండా పంపాడు. ఒక్క గీత కూడా పడకూడదని, కొత్తగా సున్నం వేసిన గోడను చూసుకున్నట్టు ఆ పుస్తకాన్ని చూసుకున్నాను. పెన్సిల్ అత్తయ్యకు అప్పగించాను. డాక్టరు పెట్టిన గడువు తీరినా, ప్రాయశ్చిత్తం కాబట్టి తొమ్మిది రోజులు నేనే చదివాను. కామా దగ్గర ఆగాను, ఫుల్‌స్టాప్ దగ్గర ఊపిరి తీశాను. ఒక మనిషి కుర్చీలో కూర్చుని వాళ్లమ్మ గదిలోని కర్టెన్ గుర్తు చేసుకుంటాడు. నూరు పేజీలు కర్టెన్. తర్వాత కిటికీ. తర్వాత వాళ్ల పిన్ని రావొచ్చని అనుకుంటాడు, ఆవిడ రాదు. మామయ్య ఒక్క ఆవలింత కూడా తీయకుండా, ముందుకు వంగి, చెవి ఒగ్గి విన్నారు. పిన్ని మీద అనుమానం పెట్టుకున్నారు. కర్టెన్ తాడు గురించి రెండుసార్లు అడిగారు.

సీలు దాకా వచ్చేశాం. పుస్తకం మూసి, నా నిజాయితీకి నేనే ముచ్చటపడుతూ, చీటీ కాగితం, కలం ఆయన ముందు పెట్టాను. మామయ్య కలం తీసుకోలేదు. నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"అల్లుడుగారూ, ఏమీ అనుకోకండి. పోయినసారి మంచు వదిలేస్తే ఎండకు ఓర్చుకోలేకపోయారనుకున్నా," అన్నారు. "ఈసారి హత్యే వదిలేశారేంటండీ?"

కాబట్టి భద్రాద్రి రాముడి సాక్షిగా, ఇది చదివిన మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకపై యూరప్ ఖండంలో ఎవరు ఎంత మంచు కురిపించినా ఒక్క రవ్వ నేల పాలు చేయను. ఏ దేశపు రోడ్డుకూ సొంతంగా రిపేరు చేయించను. ఎంత పెద్ద బహుమతి వచ్చిన రచయితయినా సరే, పుస్తకంలో కనీసం ఒక్క శవమైనా ఉన్నదని ముందుగా నా కళ్లతో చూసుకుంటే తప్ప, మామగారి ముందు అట్ట తిప్పను, తిప్పను, తిప్పను.