గళ్ళలో కూర్చిన మాట

ప్రెస్సులో అందరూ ఆయన్ని కంపోజిటర్ గారనే పిలిచేవారు. నలభై ఏళ్ళు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి కూర్చిన మనిషి. పని అయ్యాక వాటిని విడదీసి మళ్ళీ గళ్ళపెట్టెల్లో వేసేది ఆయన భార్య. సీసంలో అక్షరం తిరగబడి ఉంటుంది, కాగితం మీద పడితేనే తిన్నగా కనబడుతుంది. వాళ్ళిద్దరికీ మాత్రం తిరగబడ్డదే తిన్ననిది.

పక్షవాతం వచ్చి ఆమెకు మాట పోయి ఐదు నెలలైంది. తల ఊపినా అది అవునో కాదో తెలిసేది కాదు. ఆమెకు దాహమేస్తే ఆయన దుప్పటి కప్పేవాడు.

"ఎన్నాళ్ళిలా గుడ్డెద్దు చేలో పడ్డట్టు, నాన్నా? ఇంకో మూడు నెలలు చూసి, వృద్ధుల హోమ్‌లో చేర్పిద్దాం" అంది కూతురు.

కావలసింది నొక్కి చూపించమని ఫోను ఇచ్చి చూశారు. ఎండిపోయిన ఆమె వేలిని దాని అద్దం గుర్తించలేదు. నొక్కితే కిందికి దిగే మీట కావాలి. అలాంటివి వీధి చివర టీవీ మెకానిక్ దగ్గరున్నాయి: టీవీకి తగిలించే, నలభై ఏళ్ళ కిందటి ఇంటి కంప్యూటర్లు. సరదా ఉన్నవాళ్ళకి ఆదివారాలు వాటిమీద ప్రోగ్రాం రాయడం నేర్పుతాడు. డెబ్బై రెండేళ్ళ కంపోజిటర్ వెళ్ళి ముందు బెంచీలో కూర్చున్నాడు.

"ఊరందరి తప్పులూ దిద్దినవాణ్ణి. ఈ డబ్బా నా తప్పులు దిద్దుతోంది" అన్నాడు, ఒక్క కామా కోసం అది మూడోసారి మొరాయిస్తే.

"పంక్తుల నంబర్లు పది, ఇరవై, ముప్పై అని పదేసి వదిలి వెయ్యండి, మాస్టారూ. ఎప్పుడూ ఏదో ఒకటి మర్చిపోతాం, మధ్యలో పెట్టుకోవచ్చు" అన్నాడు మెకానిక్.

ఆ యంత్రపు చిన్న అక్షరాలు ఆమె కంటికి ఆనవు. గళ్ళ కాగితం మీద పెద్దవి గీసి, ఏ గడి నిండాలో ఏది ఖాళీగా ఉండాలో అంకెల్లో ఎక్కించాడు. పెద్ద మీట నొక్కినకొద్దీ మాటలు మారుతాయి: నీళ్ళు, నొప్పి, చలి, కూర్చోండి. కావలసిన మాట దగ్గర ఆగితే చాలు. ప్రోగ్రాం దాచుకునే క్యాసెట్‌లోకి ఎక్కించే ముందు చూసుకుంటే ‘వద్దు’ అన్న మాటే లేదు. ఆమె కాదనవచ్చని ఆయనకి తట్టనే లేదు. సిగ్గుపడి, ‘చలి’ తర్వాత వదిలిన నంబర్లలో దాన్ని ఇరికించాడు.

మూడు నెలలు నిండగానే కూతురు హోమ్ కాగితాలతో వచ్చింది. ఆయన టీవీ పెట్టి, మెకానిక్ ఇచ్చిన కంప్యూటర్‌ని భార్య ఒళ్ళో ఉంచాడు. తెరమీద ‘నీళ్ళు’ వచ్చింది.

"ఇదేంటి నాన్నా? అక్షరాలు తిరగబడి ఉన్నాయి."

ఆయన కంటికి తిన్నగానే ఉన్నాయి. అప్పుడు అర్థమైంది, చెయ్యి అలవాటుకొద్దీ సీసంలో ఉన్నట్టే గీసిందని. మూడు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది. స్విచ్ తీయబోయాడు. భార్య బాగున్న చేత్తో ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది.

కూతురు ఆమె ముందు కూర్చుంది. "అమ్మా, హోమ్‌కి వెళ్తావా?"

ఆమె మీట నొక్కింది. నొప్పి దాటింది. చలి దాటింది. తర్వాతి మాట దగ్గర వేలు ఎత్తేసింది.

"ఏమంది నాన్నా?"

"వద్దంది" అన్నాడాయన.

కూతురు కాగితాలు సంచిలో పెట్టేసుకుంది. భార్య ఆయన వైపు చూస్తూ ఇంకొక్కసారి నొక్కింది. ‘కూర్చోండి.’

ఎనిమిది నెలలుగా మంచం చుట్టూ తిరుగుతున్న మనిషి ఆమె పక్కన కూర్చున్నాడు.