మా అన్నకు ఛార్జి పెట్టిన రోజు

మొన్న పొద్దున మా మనవరాలు నా చేతిలోంచి ఫోను తీసుకుని, "అవ్వా, దీనికి ఛార్జి పెట్టినాను, కాసేపు ముట్టుకోవద్దు" అని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పిల్ల మామూలుగానే అంది. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. తొంభైకి దగ్గర పడుతున్న మనిషికి నిన్న తిన్న కూర గుర్తుండదు గాని, ఇట్లాంటిది ఒక్కటి చెవిన పడితే చాలు, డెబ్బై ఏళ్ళ కిందటి మధ్యాహ్నం ఎండతో సహా కళ్ళ ముందుకు వస్తుంది. "ఛార్జి పెట్టారు" అన్న మాటను అచ్చంగా అట్లాగే మొదటిసారి విన్నప్పుడు నాకు పదిహేనేళ్ళు. విన్నది నేను, మా అమ్మ. చెప్పినది తెలుగు సరిగా రాని ఒక అరవాయన.

మా నాయన రైల్వేలో స్టేషను మాస్టరు. గిద్దలూరుకూ కంభానికీ నడుమ, దిగేవాళ్ళకంటే మేకలు ఎక్కువగా తిరిగే చిన్న స్టేషను ఆయనది. అప్పుడు మాది కర్నూలు జిల్లా, మద్రాసు ప్రభుత్వం. ఎర్రరంగు వేసిన రెండు గదుల క్వార్టర్సులో ఉండేవాళ్ళం. పడమరకు తిరిగితే నల్లమల, తూర్పుకు తిరిగితే కొర్రచేలు. ఆ ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు మాట ఛార్జి. "అన్నం చల్లారిపోతాంది, రారాదా" అని అమ్మ గోడ పక్కనుంచి కేకేస్తే, "ఛార్జిలో ఉన్నానే" అని నాయన అక్కడినుంచే జవాబు చెప్పేవాడు. ఛార్జి అంటే స్టేషనులో ఒక గది అనీ, అందులోకి పోయినవాళ్ళు త్వరగా బయటికి రాలేరనీ చాలాకాలం అనుకున్నాను. నాయన ఊరికి పోవాల్సి వస్తే బదులు మాస్టరు వచ్చేవాడు. అప్పుడు తాళంచెవులు, జెండాలు, దీపాలు, ఆఖరికి మంచినీళ్ళ కుండ కూడా చూపించి ఒప్పజెప్పేవాడు. దానిని ఛార్జి ఇవ్వడం అనేవాళ్ళు. పెళ్ళికూతురి అప్పగింతలు కూడా అంత దిగులుగా జరగవు.

అందువల్ల మా అమ్మ లెక్కలో ఛార్జి అంటే పెద్దరికం. ఆమె పెద్దారవీడు దగ్గరి సేద్యగాళ్ళ ఇంటి పిల్ల, బడికి పోలేదు. అయినా మాటల విషయంలో ఎవరికీ తగ్గేది కాదు. మార్కాపురం వైపు బొగ్గుతో నడిచే బస్సులు వచ్చిన కొత్తలో, టిక్కెట్టు ధరను కూడా ఛార్జి అంటారని తెలిసి మా అన్నను నిలదీసింది. "పెత్తనానికీ బస్సు టిక్కెట్టుకూ ఒకటే మాట ఏందిరా? ఆ దొరలకు మాటలకు గూడ కరువేనా?" అన్న నవ్వి, "ఇంకా ఉన్నాయమ్మా. ఫిరంగిలో మందు కూరితే ఛార్జి, గుర్రాల మీద పోయి పగవాళ్ళ మీద పడితే ఛార్జి" అన్నాడు. "చాల్లే, నాకు స్టేషన్ ఛార్జి చాలు" అంది అమ్మ.

అన్న మార్కాపురంలో ఒక బడిలో పంతులు. పలకలు చేసేవాళ్ళ వీధిలో చిన్న గది తీసుకుని ఉండేవాడు. సెలవులకు వచ్చినప్పుడు అతని చొక్కాలు ఉతికితే నీళ్ళు పలకరాయి రంగులోకి తిరిగేవి. ఆ ఏడాది వాళ్ళ హెడ్మాస్టరు జబ్బు చేసి పొడుగు సెలవు మీద పోయాడు. "నాకు ఛార్జి ఇస్తారేమో" అని అన్న ఒకసారి అన్నం తింటూ అన్నాడు. అతను అని మరిచిపోయాడు. అమ్మ మరవలేదు. మార్కాపురం నుంచి ఎవరు దిగినా, "మావాడికి ఛార్జి ఇచ్చినారా ఏమన్నా తెలిసిందా?" అని అడిగేది.

అది క్విట్ ఇండియా అని గోడల మీద బొగ్గుతో రాస్తున్న ఏడాది. అక్కడక్కడా టెలిగ్రాఫు తీగలు తెంపుతున్నారని విన్నాం. మా స్టేషను దగ్గర మాత్రం తీగల మీద పాలపిట్టలు నిశ్చింతగా కూర్చునేవి. ఆ రోజుల్లోనే నాయనను కళ్ళ పరీక్షకు గుంతకల్లు రమ్మన్నారు. బదులుగా వచ్చినది పాతికేళ్ళ అరవాయన. బక్కపలచని మనిషి, ఎప్పుడూ ఎవరో పోయినట్టు ముఖం పెట్టుకుని ఉండేవాడు. అమ్మ చేసిన చారు తాగేటప్పుడు కూడా అదే ముఖం.

నాయన వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం అమ్మ, నేను వాకిట్లో కూర్చుని చింతకాయలు కొడుతున్నాం. ఆయన టోపీ చేతిలో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, మీ అబ్బాయి... మార్కాపూర్ స్కూల్‌లో అబ్బాయి. అతనికి ఛార్జి పెట్టారు. లైన్ మీద ఫోన్ వచ్చింది."

అమ్మ చేతిలోని రోకలిబండ పక్కన పెట్టింది. "ఛార్జి పెట్టినారా? నిజంగానా నాయనా?"

"నిజం అమ్మా. భయం వద్దు."

"భయమెందుకు? వాడు చేసుకుంటాడు. ఇంటికి పెద్దోడు, ఎప్పుడన్నా మొయ్యాల్సిందే గదా."

ఆ మనిషి అమ్మ వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. హెడ్మాస్టరు తల్లికి ఆ మాత్రం మర్యాద ఉంటుందని మేమిద్దరం అనుకున్నాం.

యుద్ధం రోజులు. చక్కెర కంటికి కనపడదు, మంచి బియ్యం పండక్కే. అమ్మ కొర్రలు దంచి, దాచిపెట్టిన బెల్లం అంతా వేసి, పెద్ద తపేలా నిండా పరమాన్నం కాచింది. కాస్తున్నంతసేపూ ఏదో పెళ్ళిపాట పాడుతూనే ఉంది. నన్ను మోదుగాకులు కోసుకు రమ్మని, దొప్పలు కుట్టించి, రైలు దారి మార్చే పాయింట్సు మనిషి ఇంటికీ, పట్టాలు చూసుకునే గ్యాంగు వాళ్ళ గుడిసెలకూ స్వయంగా పోయి పంచింది. "మావాడికి ఛార్జి వచ్చింది, నోరు తీపి చేసుకోండి" అని ప్రతి గడపలోనూ చెప్పింది. అరవాయన దొప్పను కళ్ళకద్దుకుని తిన్నాడు. తింటుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. బెల్లం ఎక్కువైందేమోనని అమ్మ కంగారు పడింది.

మర్నాడు పాసింజరులో నాయన దిగాడు. గిద్దలూరు స్టేషనులోనే ఆయనకు సంగతి తెలిసింది. ఇక్కడ దిగగానే గ్యాంగు మేస్త్రీ ఎదురొచ్చి, "అబ్బాయిగారికి ఛార్జి వచ్చిందంట గదయ్యా, అమ్మ పరమాన్నం పంచినాది" అన్నాడట. నాయన పెట్టె కూడా కింద పెట్టకుండా ఇంట్లోకి వచ్చాడు.

"ఏం పని చేసినావే? మతి ఉందా?"

"కొడుక్కు పెద్ద పని ఇస్తే సంతోషపడరాదా?"

"పెద్ద పని కాదే. పోలీసులు కేసు పెట్టినారు. వాణ్ణి లోపలేసినారు."

ఆయన నిలబడే చెప్పుకుపోయాడు. బడి పిల్లలు జెండా పట్టుకుని బజారులోకి వచ్చారు. పోలీసులు అడ్డం పడ్డారు. పిల్లలను వెనక్కు తీసుకుపోవడానికి మా అన్న పరుగెత్తుకొచ్చి నడుమ నిలబడ్డాడు. లాఠీ దెబ్బ చేతి మీద పడింది. పిల్లలను రేపింది ఇతనేనని చెప్పి నేరం మోపారు. దానినే ఛార్జి పెట్టడం అంటారు.

అమ్మ పొయ్యి దగ్గర చతికిలబడింది. "ఏ చెయ్యి?" అని అడిగింది.

"కుడి చెయ్యంట. లాఠీఛార్జి చేసినారు గదా."

"అది గూడ ఛార్జేనా?" అంది అమ్మ. ఆ ఇంగ్లీషు మాట మీద ఆమెకున్న గౌరవం ఆ పూటతో పోయింది.

రెండు రోజుల తర్వాత అమ్మ, నేను రైలెక్కి మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, జట్కా బండిలో ఊళ్ళోకి వెళ్ళాం. నాయన రాలేదు. గుంతకల్లు పోయి రావడానికి అప్పుడే స్టేషను వదిలాడు, మళ్ళీ సెలవు అడిగితే ఇవ్వరు. సబ్‌జైలు ముందు జనం గుంపుగా ఉన్నారు. మేం ఫలానా అని తెలియగానే దారి ఇచ్చారు. ఒక దుకాణం ముసలాయన అమ్మకు ఎదురొచ్చి, "తల్లీ, కొడుకును పట్టుకపోయినారని వినగానే పరమాన్నం వండి పంచినావంట. నీ కడుపు చల్లగుండ" అన్నాడు. పక్కన ఉన్న ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు.

మాకప్పుడు అర్థమయింది. అమ్మ అంతా తెలిసే సంతోషపడుతోందని అరవాయన మొదటినుంచీ అనుకున్నాడు. ఆ రాత్రే ఆయన ఆ సంగతిని లైనులో స్టేషను తర్వాత స్టేషనుకు ఫోనులో చెప్పాడు. మేం జట్కా మాట్లాడుకునేలోపే అది మార్కాపురం అంతా తిరిగి వచ్చింది.

అన్నను కటకటాల వెనక చూశాం. చెయ్యి గుడ్డతో కట్టి మెడకు వేలాడదీశారు. ముఖం పీక్కుపోయింది గాని, మమ్మల్ని చూడగానే నవ్వాడు. "అమ్మా, నువ్వు పరమాన్నం పంచినావంట గదా. మొదటి రోజు నాకు భయమైంది. నువ్వేం అయిపోతావో, నాయన ఉద్యోగం ఏమవుతుందో అని. ఈ మాట విన్నంక నొప్పి గూడ తెలియల్యా" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను నోరు మూసుకున్నాను. ఆమె కటకటాల్లోంచి చెయ్యి పోనిచ్చి అతని తల నిమిరి, "అన్నం సరిగ్గా పెడతాండారా?" అని మాత్రం అడిగింది.

ఇంతటితో పోయేది గాని, ఆ మాట నాయన పై అధికారి చెవిన కూడా పడింది. ఒక రోజు ఆయన పట్టాల మీద ట్రాలీలో వచ్చి మా వరండాలో కుర్చీ వేయించుకున్నాడు. చెడ్డవాడేం కాదు. రైల్వే మనిషి ఇంట్లో ఇట్లాంటిది జరిగితే పైవాళ్ళు ఊరుకోరనీ, ఏదో ఒక సమాధానం చెబితే తానే సర్దుతాననీ అన్నాడు. "ఇంట్లో ఆమె తెలియక పంచిందని ఒక్క మాట చెప్పించండి. చాలు."

నాయన లోపలికి వచ్చాడు. ఆయన ముఖంలో అప్పుడే సగం తేలిక కనపడింది. "ఉన్నదే చెప్పమంటున్నాడు. అబద్ధం గాదు గదా, చెప్పు" అన్నాడు మెల్లగా.

అమ్మ తలుపు వెనక నిలబడి ఉంది. "ఆ పొద్దు నాకు తెలియదు, నిజమే" అంది. "ఇప్పుడు తెలిసింది గదా. తెలిసినంక మళ్ళ పంచమంటే పంచుతాను. వాడు ఆ మాట పట్టుకోని లోపల కూర్చున్నాడు. నేను తెలియక చేసినానని ఈ పొద్దు అంటే, రేపటికి వాడికి తెలుస్తుంది. నేను అనలేను."

"నన్ను ఎక్కడికి తోస్తారో తెలుసా?"

"తెలుసు. నేనూ వస్తా గదా."

నాయన కోటు గుండీలు పెట్టుకుని బయటికి పోయి, "మా ఇంట్లో చెప్పేది ఏమీ లేదండి" అన్నాడు. ఆయన పై అధికారికి ఎదురు చెప్పడం నేను చూసింది అదొక్కసారే.

నెల తిరగకుండా నాయనను నల్లమల లోపలి ఒక స్టేషనుకు మార్చారు. చలిజ్వరాలకు పేరుపడ్డ చోటు. నాయన తాళంచెవులూ జెండాలూ కొత్త మాస్టరుకు ఒప్పజెబుతుంటే పాయింట్సు మనిషి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ అడవిలో మేం మూడు వానాకాలాలు గడిపాం. క్వినైను చేదు నాలుక మీదనుంచి పోయేదే కాదు. అమ్మకు జ్వరాలతో జుట్టు సగం ఊడిపోయింది. అట్లా చెప్పి ఉంటే బాగుండేదని నాయన గాని, అమ్మ గాని ఎన్నడూ అనలేదు. నేనే ఒకసారి అన్నాను. "నీ పని నువ్వు చూసుకో" అంది అమ్మ.

అన్న కొన్ని నెలలకు విడుదలయ్యాడు. బడి వాళ్ళు తిరిగి తీసుకోలేదు. కుడి చెయ్యి కొంచెం వంకరగానే అతుక్కుంది. మార్కాపురంలో ఒక బియ్యం మిల్లు పక్కన చిన్న గది తీసుకుని, బస్సులకూ రేడియోలకూ బ్యాటరీలు ఛార్జి చేసే పని పెట్టాడు. చొక్కాలకు ఇప్పుడు పలకల దుమ్ముకు బదులు యాసిడు చిల్లులు. అదే పనిమీద బతుకుతూ పెళ్ళి చేసుకుని పిల్లలను చదివించుకున్నాడు. అమ్మ పోయేదాకా, పరమాన్నం సంగతి అతను ముందు విన్నట్టుగానే నమ్మాడు.

అమ్మ పోయిన ఏడాదికి నేనే చెప్పాను. అన్న చేతిలోని బ్యాటరీ కింద పెట్టాడు. తర్వాత, "ఆ పొద్దు అమ్మ నవ్విందా?" అని అడిగాడు.

"పాట గూడ పాడింది" అన్నాను.

"అది తెలియక చేసింది. పోనీ. ఆయనొచ్చి అడిగినప్పుడు చెప్పనంది చూడు, అది తెలిసే గదా" అన్నాడు. యాసిడు మరకల వేళ్ళతో కళ్ళు తుడుచుకోబోయి, గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకున్నాడు.

ఆ తలుపు వెనక నిలబడినప్పుడు మా అమ్మకు నలభై నిండి ఒకటో రెండో ఏళ్ళు అయి ఉంటాయి. అంటే ఇప్పటి నా కూతుళ్ళకంటే చాలా చిన్నది. అప్పుడు ఆమె నాకు కొండంత పెద్దమనిషి. ఇప్పుడు తలుచుకుంటే, ఎవరూ తోడు లేక ఒంటరిగా నిలబడిన చిన్నపిల్లలాగా కనిపిస్తుంది. దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వెయ్యాలనిపిస్తుంది. కాలం నన్ను ఇంత ముందుకు లాక్కొచ్చి, మా అమ్మకంటే పెద్దదాన్ని చేసింది గాని, ఆమె దగ్గరికి నడిచి పోయే దారిని మాత్రం మిగల్చలేదు.