ములుగు అడవి దారిలో సిమెంటు గోడల లారీ

యార్డులో ముందే పోతపోసిన గోడలతో ఇల్లు కడితే కర్బన ఉద్గారాలు తగ్గుతాయా అని ఇప్పుడు చాలామంది కొలతలకు బయల్దేరుతున్నారు. ఎనభైల్లో మాకు ఆ మాట అలవాటు లేదు. ఇల్లు పూర్తయ్యేసరికి సిమెంటు తయారీకి బొగ్గు, లారీకి డీజిలు ఎంత కాలిందో లెక్క తీసేవాళ్ళం. ఇంజనీరింగ్ ముగించి ప్రభుత్వ ఇళ్ళ పథకంలో చేరిన ఏడాది ఆ పనిమీదే ములుగు అవతలి అడవి పల్లెకు వెళ్ళాను.

ఎనుమాముల దగ్గరి యార్డు నుంచి పొద్దున్నే కదిలాం. బస్సుకు ములుగు రెండు గంటల దారి. మా లారీకి మధ్యాహ్నం దాటింది. ఆగిన చోటల్లా నేను ట్యాంకులో పుల్ల దించి డీజిలు కొలిచేదాన్ని. డ్రైవర్ యాదన్న నవ్వేవాడు. "నీకు డీజిల్ ఫికర్, నాకు గోడల ఫికర్ చెల్లె. జర గుంతల వడ్డా పగుల్తయి." ములుగు బస్టాండులో టీ తాగి మట్టిరోడ్డు పట్టాం. పల్లె కనబడుతుండగా వాగు అడ్డొచ్చింది. ముందురోజు వానకు కల్వర్టు ఒక పక్క కుంగిపోయింది.

మా లారీని చూసి అవతలి నుంచి మరియమ్మ నీళ్ళలో నడిచి వచ్చింది. ఆ గోడలు ఆమె ఇంటికే.

"అచ్చినయా బిడ్డా? ఇయ్యాల్నే నిలవెడ్తరా?"

"బండి దాటదు పెద్దమ్మా, కల్వర్టు కూలవడ్తది" అన్నాడు యాదన్న.

ఆమె ముఖం వాడిపోయింది. "జాగ కావాలె అని మా ఇల్లు మొన్ననే మీవోళ్ళు కూలగొట్టిన్రు గద! మా ఆయన పెట్టిన మట్టిగోడలు. గడ్డపారకు సుత లొంగలే."

ఊరివాళ్ళు కుంగిన చోట రాళ్ళు పేర్చి చూశారు. ముందు చక్రం దిగబడింది. దాన్ని పైకి లాగేసరికే సాయంత్రమైంది. వెనక్కి తిరిగాం. దారిలో రెండు గోడలు పగిలాయి. తిరుగు ప్రయాణపు డీజిలు కూడా కలిపి లెక్క ఇచ్చాను. ఖర్చు ఎక్కువని పై అధికారులు పని ఆపేశారు.

వానలు వెనకబట్టాక బస్సులో మళ్ళీ వెళ్ళాను. మరియమ్మ వానాకాలమంతా ప్రార్థన మందిరంలో తలదాచుకుని, అప్పుడే తడికెలు కట్టుకుంటోంది.

"గోడలు ఇంక అస్తయా బిడ్డా?"

"రావమ్మా."

"గట్లనా" అంది. చేతిలోని తడికె ముడి బిగించి, "ఎండల వడి అచ్చినవు, తిని పో" అంది.

నా లెక్క తప్పు కాదు. కానీ ఆ మట్టిగోడలకు ఏ బొగ్గూ కాలలేదు. వాటిని ఉంచి పైకప్పు మాత్రం మారుద్దామని మా అందరిలో ఒక్కరికీ తోచలేదే అన్న బాధ ఇప్పటికీ పోలేదు.

మీరూ ఇలాంటి కొలతకు వెళ్తుంటే, లారీ కంటే ముందు ములుగులో జీపు మాట్లాడుకుని చివరి ఇంటిదాకా వెళ్ళి రండి. వాగు మీది కల్వర్టు లారీ బరువు ఆపుతుందని తేలాకే పాత గోడమీద గడ్డపార వేయనివ్వండి.