వెనక ఈల వినబడితే దారివ్వాలి

రేస్ ట్రాక్ మీద మొదటిసారి బండి నడపబోయేవాళ్ళకు నేను సలహాలు చెప్పగలను. నవ్వకండి. ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుట్టుకునే మనిషినే, కాదనను. కానీ హెల్మెట్ పెట్టుకుని, బెల్టు కట్టుకుని, ఆ ట్రాక్ చుట్టూ తిరిగి, టైర్ల గోడకు గుద్దుకుని కూడా వచ్చినదాన్ని. అందుకే అన్నిటికంటే ముందు చెప్పే సలహా ఇది: మొగుడితో మాటల్లేనప్పుడు ఒకే బండి ఎక్కకండి.

మాటల్లేకపోవడానికి కారణం చెప్పాలి. మా ఆయన సూరత్‌లో మరమగ్గాల కార్ఖానాలో మేస్త్రీ. పెళ్ళయిన ఏడాదే తెలంగాణ నుంచి ఇక్కడికొచ్చాం. అప్పటి నుంచీ ఆయన బండి నడపడం, నేను వెనక కూర్చుని చెప్పడం. "కుక్క అడ్డమొస్తుంది." "ఎడమ దిక్కు రిక్షా." "బస్సోడు హారన్ కొడుతున్నడు, జరుగు." నోటి దురద కొద్దీ చెప్పేదాన్ని కాదు. ఇన్నేళ్ళు మగ్గాల మోతలో నిలబడీ నిలబడీ ఆయన చెవులు మొద్దుబారాయి. మా ఇంట్లో టీవీ పెడితే వీధి చివరివాళ్ళు కూడా వార్తలు వింటారు. ఆ సంగతి ఆయన చచ్చినా ఒప్పుకోడు. "మీరే నోట్లె నోట్లె గొణుగుతరు" అంటాడు. చెవులు ఆయనవి, పరువూ ఆయనదే, మనకెందుకులే అని నేనూ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. వెనక సీట్లో నా పని నేను చేసుకుంటూ పోయాను.

మొన్న చలికాలంలో అమ్రోలిలో మా ఇంటి నుంచి నవాగామ్‌కు, బంధువుల పెళ్ళికి బయలుదేరాం. ఒక పెద్ద సిగ్నల్ దగ్గర ఆగబోతుంటే వెనక లారీ ఒకటి మీదికొస్తోంది. "ఎడమకు, ఎడమకు" అన్నాను. ఆయన బండి ఆపి, తల తిప్పి, "జర నోరు మూస్తవా? బండి నడిపేది నేనా, నువ్వా?" అన్నాడు. మెల్లగా మాట్లాడటం ఆయనకు రాదు కదా! సిగ్నల్ సిగ్నలంతా వింది. పక్క రిక్షాలో మా ఆడబిడ్డ కూడా అదే పెళ్ళికి పోతోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మంచిది. ఇగ బండి మీద నా నోట్లకెల్లి ఒక్క మాట వస్తే అప్పుడడుగు" అన్నాను. అనడమే కాదు, అన్నంత పనీ చేశాను.

ఇంట్లో మామూలే. అన్నం తిన్నవా అంటాను, నూనె అయిపోయింది తే అంటాను. బండెక్కితే మాత్రం మూగదాన్ని. మొదటిరోజు ఆయనకు పండగే. "ఎంత నిమ్మలంగ ఉన్నదో" అని ఈల పాట కూడా వేశాడు. రెండోరోజు మేం తిరగాల్సిన సందు దాటేసి చాలా దూరం పోయాడు. "చెప్పకపోతివేందే?" అంటే నేను ఆకాశంలో గద్దను చూస్తూ కూర్చున్నాను. ఒకరోజు వెనక సిటీ బస్సు హారన్ మీద హారన్ కొడుతున్నా ఈయన నడిరోడ్డు మీదే పోతున్నాడు. నేను మూసింది నోరే కదా, చెయ్యి కాదు. భుజం పట్టుకుని ఎడమకు ఒక్క నూకు నూకాను. నా పంతమూ నిలిచింది, మా ప్రాణాలూ నిలిచాయి.

నాకు కావాల్సింది పెద్ద కోరికేం కాదు. తప్పయిందని కాళ్ళ మీద పడక్కర్లేదు, చీర కొనక్కర్లేదు. "ఎనక ఏమొస్తుందో చెప్పవే" అని ఆయన నోటితో ఆయన అడగాలి. అడిగేదాకా ఇంతే. అడగకపోతే ఏదో ఒకరోజు ఏ లారీ కిందో పడతామేమోనని లోపల భయం పీకుతూనే ఉండేది, కానీ పంతం పంతమే.

ఈ యవ్వారం ఇట్లా సాగుతుండగా మా పెళ్ళిరోజు వచ్చింది. మా కూతురికి కతర్‌గామ్‌లో ఒక వజ్రాల కార్ఖానా ఆఫీసులో కంప్యూటర్ పని. మాకోసం రెండు టికెట్లు తెచ్చింది. నేను సినిమాకేమో అనుకున్నాను.

"కాదమ్మా, రేసింగ్! నువ్వు, బాపు ఒకే బండిల. బహుత్ మజా ఆవ్‌శే!" అంది. దానికి ఒక వాక్యంలో మూడు భాషలు లేకపోతే తిన్నది అరగదు.

"ఈ వయసుల రేసేందే, నగుబాటు" అన్నాడు మా ఆయన. అన్నాడు గానీ, ఆదివారం పొద్దున్నే లేచి మీసానికి రంగు వేసుకున్నాడు.

డూమస్ బీచ్‌కు పోయే దారిలో, కొంచెం లోపలికి ఉంది ఆ ట్రాక్. నల్లటి నున్నటి రోడ్డు ఒక్క తీరుగా లేకుండా వంకర్లు తిరిగి, చివరికి మొదలైన చోటికే వస్తుంది. రెండు పక్కలా పాత టైర్లు పేర్చిన గోడ. ఇక ఆ బండ్లు చూస్తే నవ్వొచ్చింది. తలుపు లేదు, పైకప్పు లేదు. నేను కూర్చుని లేసు కుట్టే పీట వాటికంటే ఎత్తు. ఇద్దరు పక్కపక్కన కూర్చోవచ్చు, స్టీరింగ్ మాత్రం ఒకరికే. బ్యాటరీ బండ్లు కాబట్టి పెద్ద చప్పుడు కూడా లేదు.

నేర్పించే ఆయన నడివయసు గుజరాతీ మనిషి. మెడలో ఈల, నోట్లో సోంపు. మా ఇద్దరినీ నిలబెట్టి హిందీలో పాఠం చెప్పాడు. మొదటి చుట్టు రోడ్డును చూసుకోవడానికే, వేగం తర్వాత. మలుపు రాకముందే, బండి తిన్నగా ఉండగానే బ్రేకు తొక్కాలి. మలుపు మధ్యలో తొక్కారా, బండి బొంగరమే. రోడ్డంతా మనదే కాబట్టి బయటి అంచు నుంచి లోపలి అంచుకు, అక్కడి నుంచి మళ్ళీ బయటికి ధారాళంగా తిప్పాలి. స్టీరింగ్‌ను ఎవరి పీకో పిసికినట్టు పట్టుకోవద్దు. ఎటు పోవాలో అటే చూడాలి. గోడను చూస్తూ కూర్చుంటే గోడ దగ్గరికే పోతారు.

"ఇంకోటి. వెనక్కి తిరిగి చూడొద్దు. వెనక ఎవరైనా వేగంగా వస్తుంటే నేను ఈల వేస్తాను. ఈల వినబడితే పక్కకు జరిగి దారివ్వాలి" అన్నాడు. నా వైపు తిరిగి, "మీరు రెండు చేతులూ ఈ కడ్డీ మీదే పెట్టాలి. ఏం జరిగినా తీయొద్దు" అన్నాడు.

ఈల అనగానే నా గుండె గతుక్కుమంది. చేతులు తీయొద్దు అనేసరికి ఇంకా కిందికి జారింది. మా ఆయన మాత్రం అన్నీ తెలిసినవాడిలా తలూపి, స్టీరింగ్ ముందు మహారాజులా కూర్చున్నాడు.

మొదటి చుట్టు బాగానే నడిచింది. అలవాటు కొద్దీ రోడ్డుకు ఎడమ అంచునే పోతున్నాడు. బొటనవేలు హారన్ కోసం వెతుకుతోంది. రెండో చుట్టులో ధైర్యం వచ్చింది. తిన్నటి రోడ్డు మీద కాలు గట్టిగా అదిమాడు. నేలకు జానెడు ఎత్తులో కూర్చుంటే ఆ వేగం ఎట్లా ఉంటుందో చెబితే తెలియదు. బండెక్కేటప్పుడే, గాలికి ఎగిరిపోకుండా నా కొంగును బెల్టు కింద దోపింది అక్కడ పనిచేసే ఒక గుజరాతీ ఆవిడ, ఆమె చల్లగా ఉండాలి.

అప్పుడు వెనక ఈల వినిపించింది. ఈయన రోడ్డు నడిమధ్యలో ఉన్నాడు. మళ్ళీ ఈల, ఈసారి పొడుగ్గా. ఈయన పెదాల మీద చిరునవ్వు, లోకమే పట్టడం లేదు. వెనక బండి కీచుమనే చప్పుడు నాకు దగ్గరికొస్తోంది. చెయ్యి తీద్దామంటే భయం. నోరు తెరుద్దామంటే పంతం. చెప్పనా, వద్దా, చెప్పనా అనుకునేలోపే వెనకవాళ్ళు మాకు తగిలారు. బండి గిర్రున తిరిగి, టైర్ల గోడకు వీపు ఆనించి ఆగింది. దెబ్బలేం తగల్లేదు. అంత తిరుగుడులో కూడా నా నోట్లోంచి కేక బయటికి రాలేదు, అదీ నా మొండితనం.

ఈల ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఎన్నిసార్లు వేశాను! వినబడలేదా?"

"ఈలనా? ఎప్పుడు కొట్టినవ్?" అన్నాడు మా ఆయన, అమాయకంగా.

కంచె పక్కన నిలబడి చూసేవాళ్ళు గొల్లుమన్నారు. "చెవులు పనిచేస్తాయా లేదా చాచా?" అన్నాడు ఆ ఈల ఆయన. మా ఆయన తల తిప్పాడు. హెల్మెట్‌లోంచి నా వైపు చూశాడు. ఎప్పుడో సంగతి తెలిసిపోయి, ఎవరికీ చెప్పుకోలేక దాచుకున్న మనిషి చూపు అది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా మొగుడి చెవుల గురించి అడగడానికి వీడెవడు? అడిగితే నేనడగాలి!

"ఏం హెల్మెట్ ఇచ్చావయ్యా నువ్వు?" అని హిందీలో లేచాను. "చెవులు నలిగి చస్తున్నాయి దీంట్లో! నీ ఈల కాదు, రైలు కూత కూడా వినబడదు!" మరమగ్గాల ఇంటి గొంతు కదా, ట్రాక్ అంతా మోగింది. నవ్వినవాళ్ళు నవ్వు ఆపేశారు. కంచె దగ్గర ఫోనులో వీడియో తీస్తున్న మా కూతురు ఫోను దించి నోరు తెరుచుకుని చూసింది. ఈల ఆయన సారీ చెప్పి ఇంకో పెద్ద హెల్మెట్ తెచ్చాడు. పాపం, మొదటిదే సరిగ్గా సరిపోయింది.

మా ఆయన కాసేపు స్టీరింగ్ మీద వేళ్ళతో దరువేశాడు. తర్వాత దిగి, "నువ్వు నడుపు" అన్నాడు.

నాకు సందుల్లో స్కూటీ నడపడమే తెలుసు, నాలుగు చక్రాలు ఎప్పుడూ ముట్టలేదు. అయినా కూర్చున్నాను. నాకు బండి నడవడం, నేను చెప్పడం వేరువేరు పనులు కావు. కాలు అదమగానే నోరు దానంతటదే నాకే చెప్పడం మొదలుపెట్టింది. "తిన్నగుంది, తొక్కు తొక్కు. ఇగ బ్రేకు, బ్రేకు, చాలు. ఇప్పుడు తిప్పు. గోడ దిక్కు ఏం చూస్తున్నవే పిచ్చిదానా, అటు చూడు! ఈల కొట్టిండు, జరుగు, పోనీ వాళ్ళను!" అన్ని రోజులు కడుపులో కుక్కుకున్న మాటలన్నీ ఆ మలుపుల్లో గుమ్మరించాను. తిన్నటి రోడ్డు రాగానే పాదం మొత్తం అదిమేశాను. అబ్బ, ఎంత బాగుందని!

"అమ్మో! మెల్లగ పోవే!" అని అరిచాడు పక్కనుంచి.

"జర నోరు మూస్తవా? బండి నడిపేది నేనా, నువ్వా?" అన్నాను.

అది మాత్రం ఆయనకు చక్కగా వినబడింది. కడ్డీ పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో మలుపు మధ్యలో బ్రేకు తొక్కి, నిజంగానే బొంగరమయ్యాను.

సాయంత్రం మా కూతురు తన స్కూటీ మీద ముందు వెళ్ళిపోయింది. మేం మా బండెక్కాం. గేటు దాటితే పెద్ద రోడ్డు, అటూ ఇటూ ఆగకుండా వాహనాలు. ఆయన బండి స్టార్ట్ చేశాడు గానీ కదల్లేదు. నేనూ మాట్లాడలేదు. ట్రాక్ మీద ఎన్ని మాట్లాడితేనేం, ఈ బండి మీద నా మాట ఇంకా మాటే.

ఆయన తల కొంచెం వెనక్కి తిప్పాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ గొంతు అంత మెల్లగా రావడం నేను వినలేదు.

"ఎనక ఏమన్న వస్తుందా చెప్పవే" అన్నాడు. "నాకు సక్కగ ఇనవడ్తలేదు."

నేను ఆయన చెవి దగ్గరికి వంగాను. "బస్సొస్తుంది. ఆగు" అన్నాను. బస్సు హారన్‌లో ఆ మాట కలిసిపోయింది. రెండోసారి గట్టిగా చెప్పాను.